హైదరాబాద్ కాలేజీల్లో పరీక్ష తేదీ ఎందుకు నిలబడదు?

2022 వేసవిలో తెలంగాణలో ఇంటర్ పరీక్షలు రాసినవాళ్లకు ఆ టైంటేబుల్ కథ బాగా గుర్తుండి ఉంటుంది. ఏప్రిల్ 20 నుంచి పరీక్షలని ఇంటర్ బోర్డు ముందే చెప్పింది. మార్చి 1న జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ జేఈఈ మెయిన్ మొదటి విడత తేదీలు ప్రకటించింది: ఏప్రిల్ 16 నుంచి 21 వరకు. రెండు పరీక్షలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బోర్డు తన పరీక్షల్ని ఏప్రిల్ 22కి జరిపింది. రెండు వారాలు తిరక్కుండానే ఎన్‌టీఏ తన తేదీల్ని ఏప్రిల్ 21, మే 4 మధ్యకు మార్చింది. మళ్లీ అదే ఇబ్బంది. బోర్డు మళ్లీ తగ్గి ఇంటర్ పరీక్షల్ని మే 6కు తీసుకెళ్లింది. ఇక ఖాయమే అనుకుంటుండగా ఏప్రిల్ మొదటి వారంలో ఎన్‌టీఏ జేఈఈని ఏకంగా జూన్‌కు వాయిదా వేసింది. ఏ పరీక్షకు దారి ఇవ్వడం కోసం ఇంటర్ పరీక్షలు మండుటెండల్లోకి జరిగాయో, ఆ పరీక్ష ఆ రోజుల్లో జరగనే లేదు.

ఇందులో ఏ ఒక్కరినీ పూర్తిగా తప్పుపట్టలేం. ఎన్‌టీఏ దేశం మొత్తాన్ని చూసుకుని తేదీలు వేసింది. బోర్డు తన రాష్ట్రం పిల్లల కోసమే రెండుసార్లు తగ్గింది. మధ్యలో నలిగింది మాత్రం పిల్లలే. ఒక వారం బోర్డు పాఠ్యపుస్తకాలు, తేదీ మారగానే జేఈఈ మెటీరియల్, మళ్లీ మారగానే సంస్కృతం, ఇంగ్లిషు. ఇలా చదివే క్రమాన్నే పదేపదే తిరగరాసుకోవాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో ఇంటర్ నుంచి బీటెక్, డిగ్రీ, పీజీ దాకా ఏ కోర్సులో చేరినా ఈ అనుభవం ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. పరీక్షలు అసలు వాయిదా పడకూడదని ఎవరూ అనలేరు. వాన, ఎన్నికలు, బంద్‌లు, కోర్టు కేసులు యూనివర్సిటీ చేతుల్లో ఉండవు. కానీ వాయిదా కబురు ఎప్పుడు చెప్పాలి, కొత్త తేదీ ఎంత త్వరగా ఇవ్వాలి అనేవి పూర్తిగా యూనివర్సిటీ చేతుల్లో ఉన్నవే. విద్యార్థికి ఎక్కువ నష్టం జరుగుతున్నదీ అక్కడే.

క్యాలెండర్లు ఎన్ని?

ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ విద్యార్థి మామూలు ఏడాదిని చూద్దాం. జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్. మార్చిలో థియరీ. ఏప్రిల్‌లో జేఈఈ రెండో విడత. మేలో ఈఏపీసెట్, అంటే మొన్నమొన్నటిదాకా అందరూ ఎంసెట్ అన్నదే. వీటి మధ్యలో ప్రైవేటు యూనివర్సిటీల ప్రవేశ పరీక్షలు. ఈ పరీక్షల తేదీల్ని నిర్ణయించేది ఒకే చోట కాదు. ఎన్‌టీఏది ఢిల్లీ నిర్ణయం, ఇంటర్ బోర్డుది నాంపల్లి నిర్ణయం, ఈఏపీసెట్‌ది ఉన్నత విద్యామండలి నిర్ణయం. అన్నీ అనుకున్నట్టు నడిస్తేనే పిల్లలకు ఊపిరాడదు. వాటిలో ఒకదాని తేదీ మారితే మిగతావన్నీ మారాలి, ఒక పోగు లాగితే గుడ్డంతా ముడతలు పడ్డట్టు.

ఆ ముడత ఇంటర్‌తో ఆగదు. ఈఏపీసెట్ ఆలస్యమైతే కౌన్సెలింగ్ ఆలస్యం, కౌన్సెలింగ్ ఆలస్యమైతే బీటెక్ మొదటి సంవత్సరం క్లాసులు ఆలస్యం. డిగ్రీలోనూ అంతే. 2016లో వచ్చిన దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారా సీట్లు విడతలవారీగా భర్తీ అవుతాయి. మొదటి విడతలో చేరినవాళ్లు రెండు చాప్టర్లు పూర్తి చేసేసరికి ఆఖరి విడతలో చేరినవాళ్లు క్లాసులో అడుగుపెడతారు. ఇంటర్నల్ పరీక్ష మాత్రం అందరికీ ఒకే రోజు. ఒక సెమిస్టర్‌కు కనీసం 90 పనిదినాలు బోధన జరగాలన్నది నిబంధన. క్లాసులు ఆలస్యంగా మొదలైనప్పుడు ఆ 90 రోజులు కాగితం మీద ఎలాగోలా పూర్తవుతాయి. రెండో శనివారాలు పనిదినాలవుతాయి, సెలవులు తగ్గుతాయి. ఆఖరి యూనిట్ మాత్రం రెండు మూడు క్లాసుల్లో ‘చదువుకోండి’ అనే మాటతో ముగుస్తుంది.

యూనివర్సిటీల్లోకి వెళ్తే క్యాలెండర్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది. 1918లో పుట్టిన ఉస్మానియాకు తన అల్మనాక్, అంటే ఏడాది విద్యా క్యాలెండర్ ఉంది. 2008లో పాత జేఎన్‌టీయూ విడిపోయినప్పుడు హైదరాబాద్‌కు దక్కిన జేఎన్‌టీయూహెచ్‌కు తనది ఉంది. స్వయంప్రతిపత్తి తెచ్చుకున్న అటానమస్ కాలేజీలు ఎవరివి వాళ్లు వేసుకుంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ఒక హాస్టల్ గది తలుపు తీస్తే ఇది కళ్లకు కడుతుంది. ఒక మంచం మీద అటానమస్ కాలేజీ అబ్బాయి పరీక్షలు అయిపోయి బ్యాగు సర్దుకుంటుంటాడు. పక్క మంచం మీద జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ అబ్బాయికి రెండో మిడ్, అంటే సెమిస్టర్‌లో రెండో ఇంటర్నల్ పరీక్ష నడుస్తుంటుంది. మూడో మంచం మీద బీకాం అబ్బాయి పరీక్ష ఫీజు గడువు పెంచారో లేదో ఫోన్లో వెతుకుతుంటాడు. ముగ్గురూ ఒకే నెలలో ఒకే గదికి అద్దె కడుతున్నారు, కానీ వాళ్ల చదువులు మూడు వేర్వేరు నెలల్లో ఉంటాయి.

తేదీలు ఇలా నిలబడకపోవడానికి పాత కారణం ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2016-17 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు సీబీసీఎస్ (నచ్చిన సబ్జెక్టులు ఎంచుకునే క్రెడిట్ పద్ధతి) కింద సెమిస్టర్లలోకి మారింది. అంతకుముందు మూడేళ్లలో మూడు వార్షిక పరీక్షలు ఉండేవి. ఇప్పుడు ఆరు సెమిస్టర్ పరీక్షలు, ప్రతి సెమిస్టర్‌లో ఇంటర్నల్స్, వాటికి తోడు సప్లిమెంటరీలు. పరీక్షల సంఖ్య రెట్టింపు దాటింది. పేపర్లు దిద్దే లెక్చరర్లు, ఎగ్జామినేషన్ బ్రాంచిలో సిబ్బంది ఆ లెక్కన పెరగలేదు. సెమిస్టర్ పద్ధతి ఉద్దేశం మంచిదే. ఏడాదికోసారి అంతా బట్టీపట్టే బదులు కొంచెం కొంచెంగా చదవడం పిల్లలకు మేలు. కానీ ఖాళీ లేకుండా వేసిన క్యాలెండర్‌లో ఒక్క రోజు పోయినా పూడ్చుకునే చోటు ఉండదు. హైదరాబాద్ షెడ్యూళ్లు ఇంత సులువుగా కూలిపోవడానికి అసలు కారణం ఇదే.

వాన, దూరం, సర్క్యులర్

2020 అక్టోబరు 13న నగర శివార్లలో కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. కాలనీలు మునిగాయి, పరీక్షలు వాయిదా పడ్డాయి. 2022 జులైలో వారంపాటు కురిసిన వానలకు విద్యాసంస్థలకు సెలవులిచ్చారు, మళ్లీ పరీక్షలు వాయిదా పడ్డాయి. 2023 జులైలోనూ అదే పరిస్థితి. 2023 సెప్టెంబరు మొదటి వారంలో నగర శివారులోని మైసమ్మగూడలో అపార్ట్‌మెంట్ల కింది అంతస్తులు నీటమునిగి, వాటిలో హాస్టళ్లలా ఉంటున్న ఇంజినీరింగ్ విద్యార్థులు చిక్కుకుపోయారు. జేసీబీలతో బయటికి తీసుకురావాల్సి వచ్చింది.

మైసమ్మగూడ పేరు వచ్చింది కాబట్టి దూరం సంగతి చెప్పుకోవాలి. హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం నగరం నడిబొడ్డున లేవు. ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, కండ్లకోయ, మేడ్చల్, మొయినాబాద్, బాచుపల్లి, ఇలా చుట్టూ అంచుల్లో ఉన్నాయి. ఎల్బీనగర్‌లో ఉండే అమ్మాయికి కండ్లకోయలో కాలేజీ ఉంటే, పది గంటల పరీక్షకు ఆరున్నరకల్లా ఇంట్లోంచి కదలాలి. మెట్రో కొంత దూరమే ఆదుకుంటుంది, మిగతాది బస్సు, షేర్ ఆటో. ఏడు గంటలకు ఆమె దారిలో ఉంటుంది. వాయిదా సర్క్యులర్ ఏడున్నరకు వస్తే అది ఆమెకు సెలవు కాదు. వానలో సగం దారి నుంచి వెనక్కి రావడం. మరుసటి పరీక్షకు చదవాల్సిన రోజు అలా రోడ్డు మీదే గడిచిపోతుంది.

ఆ సర్క్యులర్‌లో ఏముంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. మూడు నాలుగు లైన్లు ఉంటాయి. ఫలానా తేదీన జరగాల్సిన పరీక్షలు వాయిదా వేశాం. మిగతా తేదీల పరీక్షలు యథాతథంగా జరుగుతాయి. వాయిదా పడిన పరీక్షల తేదీలు తర్వాత ప్రకటిస్తాం. కింద పరీక్షల కంట్రోలర్ సంతకం. ఈ మూడిట్లో ఎక్కువ హాని చేసేది ఆఖరి వాక్యం. ‘తర్వాత’ అంటే రెండు రోజులా, రెండు వారాలా? ఆ పేపర్ ఆఖరి పరీక్ష తర్వాత ఉంటుందా, మధ్యలో గ్యాప్ ఉన్న రోజున పెడతారా? నల్గొండకో వనపర్తికో వెళ్లడానికి బస్సు టికెట్ తీసుకున్నవాడు దాన్ని రద్దు చేసుకోవాలా? హాస్టల్‌లో ఇంకో నెల డబ్బు కట్టాలా? సాయంత్రాలు డెలివరీ పని చేసుకునే కుర్రాడు ఏ రోజు పనికి వస్తానని చెప్పాలి? సర్క్యులర్ రాసినవాళ్లకు అది ఫైల్లో ఒక లైను. చదివేవాళ్లకు వచ్చే నెల మొత్తం.

ఈ ఖాళీలోకి పుకార్లు దూరతాయి. వాన నాలుగు చినుకులు పడగానే పాత సర్క్యులర్‌లో తేదీ మార్చిన ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. యూనివర్సిటీ ‘అది ఫేక్, పరీక్షలు యథాతథం’ అని చెప్పేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి సగం మంది పుస్తకం మూసి పడుకుని ఉంటారు. నమ్మినవాళ్లను మందలించడం తేలిక. కానీ నిజమైన సర్క్యులర్లే పొద్దున ఏడింటికి వస్తుంటే, రాత్రి పదింటికి వచ్చిన అబద్ధాన్ని పిల్లలు ఎలా కాదనుకుంటారు?

రెండున్నర యూనిట్ల లెక్క

బయటివాళ్లకు పరీక్ష ఒక్కరోజు వాయిదా పడితే పెద్ద తేడా కనిపించదు. ‘ఇంకో రోజు చదువుకోవచ్చు కదా’ అంటారు. బీటెక్ పరీక్షల నిర్మాణం తెలిస్తే ఆ మాట అనరు. జేఎన్‌టీయూలో ఒక సబ్జెక్టుకు 5 యూనిట్లు. మొదటి మిడ్‌కు రెండున్నర యూనిట్లు, రెండో మిడ్‌కు మిగతా రెండున్నర. 2018లో వచ్చిన ఆర్18 రెగ్యులేషన్‌లో ఇంటర్నల్స్‌కు 25 మార్కులు, సెమిస్టర్ చివర రాసే ఎక్స్‌టర్నల్స్‌కు 75 ఉండేవి. 2022లో వచ్చిన ఆర్22లో అవి 40, 60 అయ్యాయి. అంటే మిడ్స్ విలువ బాగా పెరిగింది. ‘ఎక్స్‌టర్నల్స్‌లో చూసుకుందాంలే’ అనే పాత ధీమా ఇప్పుడు పనికిరాదు.

మిడ్ మూడు రోజుల్లో అయిపోతుంది. చాలాచోట్ల రోజుకు రెండు పేపర్లు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అదే వారంలో అసైన్‌మెంట్లు ఇవ్వాలి. ల్యాబ్ రికార్డుల మీద సంతకాలు చేయించుకోవాలి. ఇక సెమిస్టర్ చివర ల్యాబ్ ఎక్స్‌టర్నల్, వైవా, వెంటనే థియరీ. చాలామంది చదువు ఈ థియరీ పేపర్ల మధ్య వచ్చే గ్యాప్ మీదే ఆధారపడి ఉంటుంది. కష్టమైన సబ్జెక్టుకు ముందు రెండు రోజుల గ్యాప్ పడితే దాన్ని నమ్ముకుని ముందు తేలికైనవి చూసుకుంటారు. నడుమ ఒక పరీక్ష వాయిదా పడి సరిగ్గా ఆ గ్యాప్‌లోకి వచ్చి పడితే, ఆ రెండు రోజులూ పోతాయి. ఎం-2 (మ్యాథ్స్ రెండో పేపర్) ముందు పోయిన గ్యాప్ ఎంత ఖరీదో మ్యాథ్స్ ఉండిపోయినవాళ్లను అడిగితే చెబుతారు.

హాజరు లెక్క దీనికి అదనం. 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఆ లోటు మన్నించడానికి కండొనేషన్ ఫీజు కట్టాలి. 65 కన్నా తగ్గితే డిటెయిన్, అంటే పరీక్షలు రాయనివ్వరు. షెడ్యూల్ కుదించుకుపోయిన సెమిస్టర్‌లో మొత్తం క్లాసులే తక్కువ. కాబట్టి జ్వరం వచ్చి పోగొట్టుకున్న వారం శాతంలో ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. డెంగీ కాలం, మొదటి మిడ్ కాలం మన దగ్గర తరచూ ఒక్కసారే వస్తాయి.

సప్లీలు ఉన్నవాళ్ల సంగతి ఇంకా గట్టిది. రెగ్యులర్, సప్లిమెంటరీ పరీక్షలు ఒకే సీజన్లో పెడతారు. రెండో సంవత్సరం అబ్బాయి ఒక రోజు ఇప్పటి సెమిస్టర్ పేపర్, మర్నాడు మొదటి సంవత్సరంలో ఉండిపోయిన పేపర్ రాస్తాడు. తోటివాళ్లకు గ్యాప్ అయిన రోజు అతనికి పరీక్ష. వాయిదాలు పడినప్పుడు ఈ రెండు వరుసలూ దగ్గరకొచ్చి, కొన్నిసార్లు ఒకే రోజు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి పడతాయి. వెనకబడినవాడికి తేరుకునే సమయం కావాలి. ఈ పద్ధతిలో అతనికే అందరికన్నా తక్కువ సమయం దొరుకుతుంది. చదువులో వెనకబాటును కేవలం శ్రద్ధ లేకపోవడంగా చూసేవాళ్లు ఈ టైంటేబుల్‌ను ఒకసారి అతని వైపు నుంచి చదవాలి.

వాయిదా కావాలని అడిగేదీ విద్యార్థులే

నిజం పూర్తిగా చెప్పుకోవాలంటే, వాయిదాలు ఎప్పుడూ పైనుంచే రావు. పరీక్షల ముందు విద్యార్థి సంఘాలు పరిపాలనా భవనం ముందు బైఠాయించడం ఉస్మానియాలో కొత్తేమీ కాదు. సిలబస్ పూర్తి కాలేదని, పోటీ పరీక్షతో కలిసి వచ్చిందని, రెండు పేపర్ల మధ్య గ్యాప్ లేదని అడుగుతారు. చాలాసార్లు వాళ్ల కారణాలు న్యాయమైనవే. క్లాసులో సగం మంది వాయిదా కావాలంటారు, మిగతా సగం ఎప్పుడైపోతుందా అని ఎదురుచూస్తుంటారు. వాయిదా పడిన రోజు రాత్రి అందరికీ హాయిగా ఉంటుంది. దాని బరువు తెలిసేది తర్వాత, ఫలితాలు ఆలస్యమైనప్పుడు.

ఈ యూనివర్సిటీల చరిత్రలో పరీక్షలు ఆగిపోవడానికి ఇంకా పెద్ద కారణాలున్నాయి. 2009 డిసెంబరు నుంచి తెలంగాణ ఉద్యమం సాగినన్నాళ్లూ ఉస్మానియా క్యాంపస్ దానికి గుండెకాయ. పరీక్షలు ఎన్నోసార్లు వాయిదా పడ్డాయి. 2011 సెప్టెంబరులో మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో చదువులు దాదాపు స్తంభించాయి. ఆ తరం తాము పోగొట్టుకున్న నెలల్ని ఒక లక్ష్యం కోసం ఇచ్చామనుకుంది. ఆ వాయిదాల్ని ఇప్పటివాటితో కలిపి లెక్కేయడం సరికాదు.

ఇప్పటి బంద్‌ల కారణం వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయి, జీతాలివ్వలేకపోతున్నామంటూ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు తలుపులు మూస్తున్నాయి. 2024 నవంబరులో డిగ్రీ కాలేజీలు సెమిస్టర్ పరీక్షల్ని బహిష్కరించే దాకా వెళ్లాయి. 2025 నవంబరులో వృత్తి విద్యా కాలేజీలూ బంద్ పాటించాయి. యాజమాన్యాల ఇబ్బంది నిజమే, బకాయిలూ నిజమే. కానీ ప్రభుత్వం, యాజమాన్యాల మధ్య తేలాల్సిన డబ్బు లెక్కకు పరీక్ష తేదీ పందెంగా మారడం అన్యాయం. రీయింబర్స్‌మెంట్ మీద చదివేది పేద, మధ్యతరగతి పిల్లలే. ఆ పథకం ఎవరి కోసమైతే పెట్టారో, దాని బకాయిల దెబ్బ కూడా వాళ్లకే తగులుతోంది.

ఆఖరి సెమిస్టర్

ఏ సెమిస్టర్ ఆలస్యమైనా ఇబ్బందే, ఆఖరిది ఆలస్యమైతే మాత్రం పూడ్చుకోలేం. డిగ్రీ ఫలితాలు రాకపోతే ఎంబీఏ, లా, పీజీ సీట్ల కోసం జరిగే ఐసెట్, లాసెట్, సీపీగెట్ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోతారు. అందుకే కౌన్సెలింగ్ తేదీలే వెనక్కి జరుగుతాయి. దాంతో వచ్చే ఏడాది పీజీ క్లాసులు కూడా ఆలస్యం. వేరే రాష్ట్రంలో సీటు వచ్చినవాళ్లకు ఆ వెసులుబాటు కూడా లేదు. అక్కడి యూనివర్సిటీ ఇక్కడి ఫలితాల కోసం ఆగదు.

అమెరికా వెళ్లే బ్యాచ్ అయితే హైదరాబాద్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిందే. ఆగస్టులో అక్కడ క్లాసులు మొదలవుతాయి. దానికి ముందు ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు చేతికి రావాలి, ట్రాన్స్‌క్రిప్టులు తీయించుకోవాలి, బ్యాంకు లోన్ మంజూరు కావాలి, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా స్లాట్ దొరకాలి. ఫలితం రెండు వారాలు ఆలస్యమైతే ఈ వరుసంతా కుదించుకుపోతుంది. మే, జూన్ నెలల్లో ఎగ్జామినేషన్ బ్రాంచి కౌంటర్ల ముందు కనిపించే క్యూల్లో తల్లిదండ్రులు కూడా ఉంటారు, ఊరి నుంచి పొద్దున బస్సుకు బయల్దేరి వచ్చినవాళ్లు.

ఉద్యోగాలదీ అంతే. క్యాంపస్ సెలక్షన్లలో చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉండకూడదంటాయి. ఒక్క సబ్జెక్టు ఉండిపోయిన విద్యార్థి సప్లీ రాసి పాసై ఉండొచ్చు, కానీ ఫలితం రాకపోతే కంపెనీ లెక్కలో అది ఇంకా బ్యాక్‌లాగే. రీవాల్యుయేషన్‌కు పెట్టుకున్నవాడి పరిస్థితి మరీ ఇరకాటం. రీవాల్ ఫలితం వచ్చేలోపే సప్లీ ఫీజు గడువు ముగిసిపోతుంటుంది. పాసవుతానన్న ఆశ ఉన్నా రెండిటికీ డబ్బు కట్టక తప్పదు.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఆఖరి సెమిస్టర్ విలువ దేశమంతటికీ తెలిసింది. పరీక్షలు లేకుండా పాస్ చేయాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫైనలియర్ పరీక్షలు జరగాల్సిందేనని, కావాలంటే రాష్ట్రాలు గడువు పెంచమని యూజీసీని అడగొచ్చని ఆగస్టు 28న కోర్టు చెప్పింది. ఇక్కడ సెప్టెంబరులో మాస్కులు పెట్టుకుని పరీక్షలు రాశారు.

ఐదు నిమిషాలు

ఇంటర్ పరీక్షల్లో చాలా ఏళ్లు ఒక్క నిమిషం నిబంధన ఉండేది. నిమిషం ఆలస్యమైనా గేటు లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ట్రాఫిక్‌లో చిక్కుకుని, పరుగెత్తుకొచ్చి, మూసిన గేటు ముందు ఏడుస్తూ నిలబడ్డ పిల్లల ఫొటోలు ప్రతి మార్చిలోనూ పేపర్లలో వచ్చేవి. 2024 ఫిబ్రవరి చివర, ఆదిలాబాద్ జిల్లాలో ఇలా పరీక్షకు అందుకోలేకపోయిన ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్నాక బోర్డు ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. ఇచ్చాక పరీక్షల వ్యవస్థకేమీ కాలేదు. అంత చిన్న మార్పుకు అంత పెద్ద మూల్యం చెల్లించాల్సి రావడం తలచుకుంటే బాధ కలుగుతుంది.

2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల నమోదులో దొర్లిన తప్పులు, ఆ తర్వాతి రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థుల మరణాలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఫెయిలైన వాళ్లందరి పేపర్లనూ ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించాల్సి వచ్చింది. 2021లో రెండో సంవత్సరంలోకి వెళ్లిపోయిన పిల్లలతో అక్టోబరులో మొదటి సంవత్సరం పరీక్షలు రాయించారు. 49 శాతమే పాసయ్యారు. ఆందోళనలు చెలరేగాక ఫెయిలైనవాళ్లందరికీ కనీస మార్కులిచ్చి పాస్ చేశారు. ఒక మరణానికి ఒకే కారణం చెప్పడం ఎప్పుడూ సరికాదు. కానీ తేదీ, ఫలితం, నిబంధన, ఏది ఎప్పుడు మారుతుందో తెలియని పరిస్థితి పిల్లల టెన్షన్‌ను ఎంత పెంచుతుందో ఊహించడం కష్టం కాదు. మనసు బాగా కుంగినప్పుడు 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ కౌన్సెలర్లు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు హాల్ టికెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

చేయగలిగినవి

వీటికి పెద్ద సంస్కరణలేవీ అక్కర్లేదు. ప్రశ్నపత్రాన్ని పరీక్షకు కాసేపు ముందు ఆన్‌లైన్‌లో పంపి, కాలేజీలోనే ప్రింట్ తీయించే పద్ధతి జేఎన్‌టీయూ ఏనాడో పెట్టుకుంది. అంత పకడ్బందీ పని చేయగలిగిన వ్యవస్థకు వాయిదా కబురు వేళకు పంపడం కష్టం కాదు. హాల్ టికెట్ నంబరుతో పాటు ప్రతి విద్యార్థి ఫోన్ నంబరూ యూనివర్సిటీ దగ్గరే ఉంది.

మొదటిది, కబురుకు ఒక వేళ పెట్టుకోవడం. రేపటి పరీక్ష గురించి ఏ నిర్ణయమైనా ఈ రోజు సాయంత్రం ఆరు గంటల్లోపు చెప్పాలి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ సాధారణంగా ముందే వస్తుంది కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు. రాత్రికి రాత్రి వరద ముంచెత్తితే పరీక్ష ఆపక తప్పదు, నిజమే. అలాంటప్పుడు రాలేకపోయినవాళ్లకు ఆ పేపర్ మళ్లీ రాసే అవకాశం ఉంటుందని రెగ్యులేషన్‌లోనే రాసిపెట్టాలి. ఆరు దాటాక ఏ ప్రకటనా లేకపోతే పరీక్ష ఉన్నట్టే అని పిల్లలకు ఒకసారి నమ్మకం కుదిరితే, రాత్రి పదింటి పుకార్లకు విలువ ఉండదు.

రెండోది, ‘తర్వాత ప్రకటిస్తాం’ అనే వాక్యాన్ని వదిలేయడం. అల్మనాక్ వేసేటప్పుడే ప్రతి పరీక్షల సీజన్ చివర మూడు రోజులు రిజర్వు రోజులుగా అచ్చువేస్తే చాలు. మొదటి వాయిదా మొదటి రిజర్వు రోజుకు, రెండోది రెండో రోజుకు వెళ్తుంది. సర్క్యులర్ వచ్చిన క్షణానే కొత్త తేదీ అందరికీ తెలిసిపోతుంది. మధ్యలో ఉన్న గ్యాప్‌లను ఎవరూ ముట్టుకోరు. వానాకాలంలో పడే సెమిస్టర్‌కు మూడు చాలకపోతే ఐదు పెట్టుకోవచ్చు. వాడకపోతే పిల్లలు మూడు రోజుల ముందే ఇళ్లకు వెళ్తారు.

మూడోది కాస్త కష్టం, ఎందుకంటే నలుగురు కూర్చోవాలి. ప్రవేశ పరీక్షల్ని నడిపే ఉన్నత విద్యామండలి, ఇంటర్ బోర్డు, ఉస్మానియా, జేఎన్‌టీయూ ఏటా జూన్‌లో ఒక్కరోజు కలిసి తమ క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఆఖరి సెమిస్టర్ ఫలితాలు ఏ తేదీకల్లా వస్తే ఏ కౌన్సెలింగ్ మొదలవ్వగలదో వెనక నుంచి లెక్కగట్టుకుని రావాలి. ఇప్పుడు అందరూ ముందు నుంచి మొదలుపెట్టి, చివరికి ఎక్కడ తేలితే అక్కడ ఆగుతున్నారు. ఎన్‌టీఏ తేదీల్ని ఇక్కడెవరూ శాసించలేరు. కానీ అక్కడ తేదీ మారిన ప్రతిసారీ ఇక్కడ టైంటేబుల్ తిరగరాయకుండా, రెండు భాషల పేపర్లను ముందుకో వెనక్కో జరుపుకునే వీలుతో టైంటేబుల్ వేసుకోవచ్చు. అటానమస్ కాలేజీలు ఇదే నగరంలో, ఇదే వానల్లో, ఇవే పండుగల మధ్య పరీక్షలు పెట్టి వేళకు ఫలితాలిస్తున్నాయి. వాళ్ల దగ్గర విద్యార్థులు తక్కువ, నిజమే. అయితే పేపర్లు దిద్దేవాళ్లను ముందే ఖాయం చేసుకోవడం, పరీక్ష అయిన మర్నాడే దిద్దడం మొదలుపెట్టడం లాంటివి పెద్ద యూనివర్సిటీ కూడా చేసుకోగలిగిన పనులే. జులై వానలు మొదలయ్యేలోగా వచ్చే అల్మనాక్‌లో రిజర్వు రోజులు చేరినా, ముందు ఆ మేరకు నష్టం తగ్గుతుంది.